ఏడో పేజీ చప్పుడు

డిస్కు అట్ట వెనక, ధర చీటీ కింద
చీమతలంత అక్షరాల్లో ఉంది:
కొన్ని కంప్యూటర్లలో ఇది పలకకపోవచ్చు.
క్వేతా అది చదవలేదు.
ఆమె వెతికింది పేర్ల కోసం.
పియానో, రదొవాన్. రికార్డింగు, ఎవరో. ఫొటో, ఇంకెవరో.
పియానో శృతి చేసినతని పేరు కూడా వేశారు.
పేజీలు తిప్పిన మనిషి పేరు లేదు.
ఉంటుందనీ అనుకోలేదు. ఊరికే చూసింది.

బ్ర్నోలో ఆ ఫిబ్రవరి, మూడు రాత్రులు,
పాత చర్చి హాల్లో హీటర్లు ఆపేశారు
టిక్కుమంటాయని.
వేళ్ల కొసలు కత్తిరించిన ఊలు గ్లౌజులతో
రదొవాన్‌కి ఎడమ పక్క, కాస్త వెనగ్గా,
ఊపిరి ముక్కులోనే మడిచిపెట్టుకుని కూర్చుంది.
అతని గడ్డం కొద్దిగా వంగితే లేవాలి.
లేచినట్టు తెలియకూడదు.
మూడో రాత్రి ఏడో పేజీ మూల అంటుకుపోయింది.
వేలు నాలిక మీద అద్ది లాగింది.
సర్‌ర్.
అద్దం అవతలి మనిషి చెయ్యెత్తి, దించేశాడు.
"వాయింపు కుదిరింది. ఉండనీ."

ఇరవై రెండేళ్ల పనిలో
బయటికి వినబడింది అదొక్కటే.

ఇంట్లో పాటల పెట్టె పోయిన వేసవిలోనే చచ్చింది.
ఉన్నది మేనల్లుడు వోయ్తా వదిలేసిన కంప్యూటరు,
లీషెన్‌లో ఐదో అంతస్తు, వంటింటి బల్ల మీద,
మీటల సందుల్లో గసగసాల బన్ను పొడి.

డిస్కు పెట్టింది.
గిర్రున తిరిగి, ఆగి, గొంతు సవరించుకుని,
సొరుగు నాలికలా బయటికి చాపింది.
తుడిచి పెట్టింది. ఊది పెట్టింది.
నాలుగోసారికి ఒక కిటికీ తెరుచుకుంది:
ముందు ఈ ఒప్పందానికి ఒప్పుకోండి.
పద్నాలుగు పేజీలు.
లోకమంతా అడుక్కి జారి సరే నొక్కుతుంది.
క్వేతా ఒక్కొక్కటే తిప్పింది, ఆఖరి వరసదాకా చదివి.
అలవాటు.
ఎవరికీ కాపీ ఇవ్వననీ,
మరో యంత్రంలోకి ఎక్కించననీ,
తను ముట్టుకున్న కాగితం చప్పుడు మీద
తనకే హక్కూ లేదనీ
ఒప్పుకుంది.

అప్పుడు మోగింది.
రేకు డబ్బాలో వాన.
ఏడో పేజీ వచ్చింది, వెళ్లింది.
సర్‌ర్ లేదు.
కంప్యూటరు వాళ్లకని విడిగా పోసిన నీళ్ల మజ్జిగ అది.
మీగడ తీసేశారు,
మీగడతో పాటు ఆమెనీ.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
ఈ జానెడు లేని బిళ్ల మాత్రం
డబ్బిచ్చి కొన్నవాళ్లందర్నీ ముందే పట్టేసింది.

తాళం ఉంది. చెవి ఉంది.
తాళం చెవి లేదు.

శనివారం వోయ్తా వచ్చాడు,
ట్రామ్ డిపో గ్రీజు వాసనతో, తడి బూట్లతో.
"అత్తా, నల్ల మార్కరు ఉందా?
బయటి అంచున అబద్ధం రాసి పెట్టారు.
దాన్ని పూసేస్తే యంత్రం నిజం చదువుతుంది."
టీ సాసరు బోర్లించాడు. చెయ్యి వణికింది.
పెన్ను ఆమెకిచ్చాడు.
ఇరవై రెండేళ్లు చప్పుడు చెయ్యని చెయ్యి అది.
అంచు వెంట ఒక్క గీత.
గొళ్లెం ఎక్కడా కిర్రుమనలేదు.

పియానో వంటింట్లోకి నడిచొచ్చింది,
పెడలు మీద రదొవాన్ బూటు బరువుతో సహా.
ఏడో పేజీ దగ్గర పడుతుంటే
క్వేతా కుర్చీలోంచి లేచి నిలబడింది.
"ఏమైందత్తా?"
సర్‌ర్.
ఏమీ కాలేదంది. మళ్లీ పెట్టమంది.
మూడుసార్లు విన్నారు. మూడుసార్లూ లేచింది.

ఇంకు కాస్త లోపలికి పాకినట్టుంది.
చివరి ముక్క చివర్లో స్వరాలు నత్తి పట్టి
విరిగి ఆగిపోయాయి.
రదొవాన్ అందరికీ చెప్పుకునే ముగింపు అది.
అతనికి ఈ మాట చెప్పలేదు.

మంగళవారం కచేరీలో అతని గడ్డం వంగింది.
లేచింది. వేలు అద్దింది.
నాలిక మీద మార్కరు చేదు.
పేజీ తిరిగింది, ఎవరికీ వినబడకుండా,
కింది మూల
నల్లటి వేలిముద్రతో.